ఫ్రెంచ్ వ్యాకరణం దగ్గర ఆగిపోయాను, ఏం చేయమంటారు?

కెనడాలోని ఒంటారియో నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడకి 34 ఏళ్లు. సొంతూరు గుంటూరు దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఆ తర్వాతంతా ఇంగ్లీషు మీడియం. భార్యాభర్తలిద్దరూ వర్క్ పర్మిట్ మీద ఉన్నారు. అది వచ్చే ఏడాదితో అయిపోతుంది. శాశ్వత నివాసం (పీఆర్) ఇవ్వడానికి కెనడా ప్రభుత్వం పాయింట్ల లెక్కన మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు సరిపోవడం లేదు. ఫ్రెంచ్ వస్తే పీఆర్‌కి దారి దొరుకుతుందని పగలు అకౌంట్స్ ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఆన్‌లైన్ క్లాసులో చేరారు. పాఠం ఇంగ్లీషులో చెబుతారు. తోటి విద్యార్థుల్లో చాలామందికి ఇంగ్లీషే మాతృభాష. దానికి పనికొచ్చే ఫ్రెంచ్ పరీక్ష టెఫ్ కెనడా ఒకసారి రాశారు. కెనడా భాషా స్థాయిల లెక్కలో వినడం, చదవడం రెండింటిలోనూ 7వ స్థాయి వచ్చింది. రాయడంలో 6, మాట్లాడడంలో 5. కావలసింది నాలుగింటిలోనూ 7. మళ్లీ మూడు నెలల తర్వాతి తేదీకి డబ్బు కట్టారు.

ఆవిడ దగ్గర సందేహాల నోట్‌బుక్ ఒకటుంది. జరిగిపోయిన సంగతి చెప్పడానికి ఉన్న రెండు భూతకాల రూపాల్లో పాసే కొంపొజే ఎప్పుడు వాడాలి, ఎంపార్ఫే ఎప్పుడు వాడాలి? అతన్ని చూశానంటే 'ల' ఎందుకు, అతనికి చెప్పానంటే 'లుయి' ఎందుకు? మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాననడానికి వర్తమాన కాలమేమిటి? బల్ల ఆడది ఎలా అయింది, పుస్తకం మగది ఎలా అయింది? సుబ్జొంక్తీఫ్ అంటే ఏమిటి? అడిగితే టీచరు "అది అంతే, గుర్తుపెట్టుకోండి" అంటారట. "ఇంగ్లీషు అంత బాగా వచ్చినదానివి, ఇదెందుకు రాదు?" అని భర్త అంటారు. నాలుగో తరగతి చదివే కూతురు బడిలో ఫ్రెంచ్ నేర్చుకుంటూ, "అమ్మా, లా కాదు, ల" అని నవ్వుతుంది. "ఇప్పుడు క్లాసులో కెమెరా ఆపేసి కూర్చుంటున్నాను. తప్పు మాట్లాడతానేమో అనే టెన్షన్‌తో మాట్లాడడమే మానేశాను. నాకు భాషలు రావేమో. పరీక్ష వాయిదా వేయనా, వేరే పరీక్షకి మారనా, మొత్తానికే వదిలేయనా?" అని అడుగుతున్నారు.

*

ముందు మీ మార్కుల గురించి మాట్లాడుకుందాం. వినడంలోనూ చదవడంలోనూ 7 దాకా వెళ్లిన మనిషికి భాషలు రావని నేను ఒప్పుకోను. వింటే అర్థమవుతోంది, చదివితే అర్థమవుతోంది. నోరు తెరిచినప్పుడు, కలం పట్టినప్పుడు ఆగిపోతున్నారు. ఎక్కడ ఆగుతున్నారో మీ నోట్‌బుక్‌లోని ప్రశ్నలే చెబుతున్నాయి. వాటిలో సగానికి పైగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకి వచ్చే సందేహాలు. తెలుగు మనిషికి అవి అంత కష్టం కాకూడదు. మీరు తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, ఆ ఇంగ్లీషుని ఫ్రెంచ్ చేస్తున్నారు. తెలుగులోనూ ఫ్రెంచ్‌లోనూ ఉన్న కొన్ని తేడాలు ఇంగ్లీషులో లేవు. అవి ఆ మధ్యలోనే పోతున్నాయి. పోయిన తేడాని మళ్లీ ఇంగ్లీషులో వెతుక్కుంటే దొరకదు, మీ టీచరు కూడా చూపించలేరు.

మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపిస్తున్న పాసే కొంపొజే, ఎంపార్ఫేల సంగతే తీసుకోండి. "నిన్న బడికి వెళ్లాను", "చిన్నప్పుడు రోజూ నడిచి బడికి వెళ్లేదాన్ని". ఈ రెండింటినీ మీరు ఎప్పుడైనా తారుమారు చేశారా? చేయరు. ఇంగ్లీషులో మామూలుగా రెండింటికీ ఒకే క్రియారూపం సరిపోతుంది. అందుకే మీ తోటివాళ్లు అంత తికమక పడతారు. మనకి 'వెళ్లాను' వేరు, 'వెళ్లేదాన్ని' వేరు. 'వెళ్లాను' అనిపించిన చోట పాసే కొంపొజే, అంటే 'జ సుయి ఆలే'. 'వెళ్లేదాన్ని' అనిపించిన చోట ఎంపార్ఫే, 'జాలే'. "ఇంటికి వచ్చేసరికి వాన పడుతోంది" అంటాం. రావడం జరిగిపోయిన పని, కాబట్టి పాసే కొంపొజే. వాన పడుతూ ఉండడం అప్పటి దృశ్యం, కాబట్టి ఎంపార్ఫే, 'ఇల్ ప్లవే'.

ఎక్కువ కాలం సాగిన పనికి ఎంపార్ఫే, కొద్దిసేపట్లో అయిపోయిన పనికి పాసే కొంపొజే అని ఒక సూత్రం నేర్పుతుంటారు. మీ నోట్‌బుక్‌లోనూ అదే రాసుకున్నారు. దాన్ని కొట్టేయండి, అది చాలాచోట్ల తప్పుదారి పట్టిస్తుంది. "గుంటూరులో పదేళ్లు ఉన్నాను" అంటే ఎంత పొడవైన కాలమైనా సరే, అది మొదలై ముగిసిన లెక్క. ఫ్రెంచ్‌లోనూ పాసే కొంపొజేనే. "అప్పట్లో గుంటూరులో ఉండేదాన్ని" అంటే ఎంపార్ఫే. చూడండి, 'ఉన్నాను', 'ఉండేదాన్ని' అనే తేడా మీ నోట్లోనే ఉంది. "ఆ సంగతి నాకు ముందే తెలుసు" అంటే 'జ సవే', ఎంపార్ఫే. "ఆ సంగతి నిన్ననే తెలిసింది" అంటే 'జే స్యూ', పాసే కొంపొజే. ఇంగ్లీషులో చదివేవాళ్లు ఈ ఒక్క క్రియ మీదే వారాలు గడుపుతారు.

తెలుగు సాయం చేయని చోటు కూడా ఇక్కడే ఒకటుంది. 'ఉంది', 'లేదు', 'తెలుసు' లాంటివి మనం ఇప్పటికీ అప్పటికీ ఒకేలా వాడతాం. "మా ఇంట్లో అప్పుడు ఫ్రిజ్ లేదు", "ఇప్పుడూ లేదు". క్రియలో కాలం కనపడదు. అలాంటివి గతం గురించి చెబుతుంటే ముందుగా ఎంపార్ఫే పెట్టండి, చాలావరకు సరిపోతుంది.

రెండోది 'ల', 'లుయి'. ఇది మీకు కష్టమనిపిస్తోందంటే నాకు ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే మీరు తెలుగు మీడియంలో విభక్తులు వల్లెవేసినవారు. 'ని, ను' ద్వితీయ, 'కి, కు' షష్ఠి అని నేర్చుకున్నారు. అతన్ని చూశాను అంటే 'ల'. అతనికి చెప్పాను అంటే 'లుయి'. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే మాట కాబట్టి, అందులోంచి వచ్చేవాళ్లకి ఏది ఎక్కడో తెలియదు. ఆమెకి ఫోన్ చేశాను, ఆమెకి జవాబిచ్చాను, ఆమెకి పుస్తకం ఇచ్చాను, అన్నిటికీ 'లుయి'. మీ తెలుగు చెవి చెప్పినట్టు రాస్తే పదింటిలో ఎక్కువభాగం సరిగ్గానే వస్తాయి. తప్పేవి కొన్నే, వాటిని విడిగా రాసుకోండి. మనం 'అతన్ని అడిగాను' అంటాం, ఫ్రెంచ్‌లో 'దమాందే' క్రియకి 'లుయి' కావాలి. మనం 'అతనికి సాయం చేశాను' అంటాం, అక్కడ 'ఎదే' క్రియకి 'ల'. 'అతని కోసం ఎదురుచూశాను' అంటాం, 'అతాంద్ర్'కి కూడా 'ల'నే. అడగడం, సాయం, ఎదురుచూడడం. ఈ మూడూ నోటికి పట్టించుకుంటే మీ ఉత్తరంలో మీరు రాసిన తప్పుల్లో చాలా భాగం పోతాయి.

ఇదే దారిలో ఇంకొన్ని. "మూడేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను" అనేటప్పుడు మనం వర్తమానమే వాడతాం. ఫ్రెంచ్ వాళ్లూ అంతే, 'జాబిత్ ఇసి' అని వర్తమానం పెట్టి, 'నుంచి' అనే అర్థానికి 'దపుయి' చేరుస్తారు. వయసు చెప్పేటప్పుడు 'నేను 34' అనం కదా, 'నాకు 34 ఏళ్లు' అంటాం. వాళ్లు ఏళ్లు 'కలిగి ఉన్నాను' అంటారు, 'జే త్రాంత్ కాత్రాం'. ఆకలి, దాహం, తలనొప్పి కూడా అలాగే కలిగి ఉండేవే. 'నాకు నచ్చింది' అన్నదాంట్లో నచ్చిన వస్తువే కర్త. 'స మ ప్లే'లో కూడా అంతే. 'నాకు కావాలి' అన్నదానికి 'ఇల్ మ ఫో' ఉంది. 'త్యు', 'వూ' తేడా గురించి మీరు అడగనే లేదు. నువ్వు, మీరు అని రోజూ అనే మనకి అది సందేహంలా కనిపించలేదు. టెఫ్ మాట్లాడే పరీక్షలో ఇది నేరుగా పనికొస్తుంది. మొదటి భాగంలో తెలియని మనిషికి ఫోన్ చేసి వివరాలు అడగాలి, అక్కడ 'వూ'. రెండో భాగంలో స్నేహితుణ్ణి ఒప్పించాలి, అక్కడ 'త్యు'. మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

తెలుగు అడ్డుపడే చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే ఒక గుంతలోంచి తీసి ఇంకో గుంతలో వేసినట్టవుతుంది. 'వస్తాను' అంటే అందులోనే 'నేను' ఉంది, కాబట్టి మనం కర్తని వదిలేస్తాం. ఫ్రెంచ్‌లో వదలకూడదు. 'పార్ల్' అనే శబ్దం నేను మాట్లాడినా, నువ్వు మాట్లాడినా, వాళ్లు మాట్లాడినా ఒకటే. రాతలో అక్షరాలు మారినా చెవికి తేడా వినపడదు. ముందున్న సర్వనామమే ఎవరన్నది చెబుతుంది. 'తెలుసు' అనే ఒక్క మాటకి అక్కడ రెండు క్రియలు. మనిషి, ఊరు తెలిస్తే 'కొనెత్ర్'. ఫలానాది జరిగిందని తెలిసినా, ఈత లాంటి పని చేయడం వచ్చినా 'సవ్వార్'. విశేషణం మనకి నామవాచకం ముందు వస్తుంది, ఇంగ్లీషులోనూ ముందే. ఫ్రెంచ్‌లో ఎక్కువభాగం తర్వాత వస్తుంది. మంచి, పెద్ద, చిన్న, అందమైన, పాత, కొత్త లాంటి కొన్ని రోజువారీ మాటలు మాత్రమే ముందుంటాయి.

అన్నం విషయంలోనూ ఇంతే. మనం 'అన్నం తింటాను', 'అన్నం తినను', 'అన్నం ఇష్టం' అని ఒకే మాట వాడతాం. అక్కడ తింటే 'ద్యు రి', తినకపోతే 'ద రి', ఇష్టమైతే 'ల రి'. ఈ మూడు వాక్యాలూ పాటలా అప్పజెప్పండి. తర్వాత అన్నం తీసేసి, దానిలాగే లెక్కపెట్టని, హల్లుతో మొదలయ్యే ఇంకే తిండి వస్తువు పెట్టుకున్నా అచ్చు అదే, స్త్రీలింగమైతే 'ద్యు' బదులు 'ద లా', 'ల' బదులు 'లా'. "నాకు రెండు కావాలి" అన్నప్పుడు కూడా, దేనిలో రెండో గుర్తుచేసే 'ఆం' అనే చిన్న మాట తప్పకుండా పెట్టాలి, 'జాం వ ద'. తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ అలాంటిది లేదు. అందుకే అందరూ మరిచిపోతారు. మరిచిపోయినా ఎదుటివాళ్లకి మీ మాట అర్థమవుతుంది.

ఇక లింగం. బల్ల ఎందుకు ఆడది అన్నదానికి మీ టీచరు చెప్పిన "అది అంతే" అన్న జవాబే సరైనది. హిందీలో రోటీ స్త్రీలింగం, పానీ పుంలింగం అని నేర్చుకున్నప్పుడు కూడా కారణం దొరకలేదు కదా. చేయగలిగింది రెండే. కొత్త మాట నేర్చుకునేటప్పుడు దాని ముందు పెట్టే పుంలింగపు 'ల', స్త్రీలింగపు 'లా', లేదా 'ఒక' అనే అర్థమిచ్చే 'అం', 'యున్' కలిపే నేర్చుకోవాలి. చివరి శబ్దాన్ని పట్టుకోవాలి. 'సియోం' అని ముగిసే నాస్యోం, సొల్యుసియోం లాంటివి స్త్రీలింగం. 'మాం' అని ముగిసే గువెర్నమాం లాంటివి దాదాపు అన్నీ పుంలింగం. 'ఆజ్' అని ముగిసేవి ఎక్కువగా పుంలింగం, ప్లాజ్, పాజ్, ఇమాజ్ లాంటి కొన్ని మినహా. 'తే' అని ముగిసే లిబెర్తే లాంటి భావవాచకాలు స్త్రీలింగం. అభిప్రాయాలు చెప్పే వ్యాసంలో మీకు ఎక్కువగా కావలసినవి ఇవే. మాట్లాడేటప్పుడు గుర్తురాకపోతే ఏదో ఒకటి అనేసి ముందుకి వెళ్లండి. లింగం తప్పినంతమాత్రాన వాక్యం చెడదు, మాట మధ్యలో ఆగిపోతే చెడుతుంది.

సుబ్జొంక్తీఫ్ అంటే జరగాలని కోరుకునే, జరగాల్సిన పనులకి వాడే క్రియారూపం, దానికి మీరు అంత భయపడక్కర్లేదు. "నువ్వు రావాలని నా కోరిక", "నేను వెళ్లాలి" అన్నప్పుడు ఆ 'రావాలని', 'వెళ్లాలి' ఉన్నచోట చాలావరకు అది వస్తుంది. 'ఇల్ ఫో క' (తప్పనిసరి అని) తర్వాతా, 'జ వ క' (నా కోరిక అని) తర్వాతా వచ్చే అరడజను క్రియలు, అంటే ఉండడం, కలిగి ఉండడం, వెళ్లడం, రావడం, చేయడం, చేయగలగడం నోటికి వస్తే ఈ పరీక్షకి అది సరిపోతుంది.

కొన్ని ప్రశ్నల్ని ఇప్పటికి పక్కన పెట్టండి. పాసే కొంపొజేలో 'కలిగి ఉండు' అనే అవువార్ సహాయక క్రియ తర్వాత వచ్చే పార్టిసిపుల్, అంటే అసలు క్రియ రూపం, ముందున్న కర్మతో ఏకీభవించాలన్న నియమం ఒకటి. ఫ్రాన్స్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా రాతలో దాన్ని తప్పుతుంటారు. అవువార్ బదులు 'ఉండు' అనే ఎత్ర్‌తో వచ్చే కదలిక క్రియల జాబితా నేర్చుకోండి గానీ, నడవడం కూడా కదలికే కదా, దానికి అవువార్ ఎందుకని తలబద్దలు కొట్టుకోకండి. జాబితాలో ఉన్నవి చాలావరకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడాన్ని చెబుతాయి, నడవడం ఎలా కదిలామో చెబుతుంది. ఒక పుస్తకంలో అచ్చుల మీద టోపీ గుర్తు ఉంటే, ఇంకో పుస్తకంలో లేదన్నారు. 1990లో స్పెల్లింగులు కొన్నిటిని సవరించారు. 'ఇ', 'యు' మీది టోపీని చాలా మాటల్లో తీసేయొచ్చన్నారు. పాతదీ ఒప్పే, కొత్తదీ ఒప్పే.

ఇదంతా ఎందుకంటే, టెఫ్ రాత పరీక్ష మొదటి భాగంలో ఒక చిన్న వార్తకి మొదటి వాక్యం ఇచ్చి మిగతాది పూర్తిచేయమంటారు. 25 నిమిషాలు, కనీసం 80 పదాలు. అందులో అడుగడుగునా పాసే కొంపొజే, ఎంపార్ఫేలే. రెండో భాగంలో పత్రికకి అభిప్రాయం రాయాలి. 35 నిమిషాలు, 200 పదాలు. రోజూ ఒక తెలుగు పేపర్లో చిన్న ప్రమాద వార్తో, దొంగతనం వార్తో తీసుకుని ఇంగ్లీషు జోలికి పోకుండా నేరుగా ఫ్రెంచ్‌లో రాయండి. మీకు 6 నుంచి 7కి దూరం అక్కడే తగ్గుతుంది. మాట్లాడడంలో 5 ఉంది, అది ఎక్కువ దూరం. నోట్‌బుక్‌తో అది తీరదు. నెలకి కొన్ని గంటలైనా ఒక్క మనిషితో విడిగా మాట్లాడాలి. టీచరైతే మంచిది, మీలాగే చదువుకుంటున్న ఇంకో తెలుగమ్మాయైనా పర్వాలేదు.

ఇప్పుడు మీరడిగిన దారుల సంగతి. అనుకున్న తేదీకే రాస్తే, 7 రాకపోయినా ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ఫీజు పోతుంది, ఇంట్లో ఇంకోసారి అదే మాట వినాల్సి వస్తుంది. కానీ మాట్లాడే పరీక్షకి ఒకసారి అలవాటు పడతారు. వాయిదా వేస్తే ఊపిరాడుతుంది గానీ వర్క్ పర్మిట్ గడియారం ఆగదు. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది కాబట్టి తొందరగా రాస్తే అది పాతబడిపోతుందన్న భయం లేదు. ఇలాంటిదే ఇంకో ఫ్రెంచ్ పరీక్ష టీసీఎఫ్ కెనడాకి మారాలంటే, అందులో మాట్లాడడం 12 నిమిషాల్లో మూడు పనులు, రాయడం గంటలో మూడు పనులు. ఒక్కొక్కటీ చిన్నది. ఎక్కువసేపు ఒకే విషయం లాగలేనివాళ్లకి అది నయం. అక్కడ మాట్లాడడంలో, రాయడంలో 20కి 10 వస్తే 7వ స్థాయి. తప్పుల్లేని భాష ఎవరూ అడగడం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. కానీ నాలుగు మార్కులూ ఒకే పరీక్షలో రావాలి. వినడం, చదవడంలో టెఫ్‌లో వచ్చిన 7ని ఇక్కడికి తెచ్చుకోలేరు.

వదిలేయడం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చేయను. అయితే వదిలేముందు లెక్క వేసుకోండి. నాలుగింటిలోనూ 7 వచ్చి, ఇంగ్లీషులో 5 లేదా ఆపైన ఉంటే 50 అదనపు పాయింట్లు. 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి విడిగా డ్రాలు, అంటే పీఆర్‌కి పిలిచే ఎంపికలు, కూడా జరుగుతున్నాయి. 2024లో వాటి కటాఫ్ కొన్నిసార్లు 400 కిందికి కూడా దిగింది. ఇంగ్లీషు స్కోరు పెంచుకోవడం వల్ల గానీ, ప్రావిన్స్ నామినేషన్ (అక్కడి ఒక రాష్ట్రం చేసే సిఫారసు) వల్ల గానీ మీకు అంత లాభం ఉందేమో లైసెన్సున్న కన్సల్టెంట్‌తో ఒకసారి కూర్చుని చూడండి. నియమాలు మారుతుంటాయి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నదే ప్రమాణం. ఆ లెక్కలో ఫ్రెంచ్ లేకుండానే గట్టెక్కుతారని తేలితే, రాత్రిళ్లు నిద్రపోండి, తప్పేమీ లేదు.

మీ వారి మాట గురించి. ఇంగ్లీషు బాగా వచ్చినంతమాత్రాన ఫ్రెంచ్ రాదని ఆయనకి వాదించి చెప్పడం కంటే, రోజూ ఒక గంట వంటగదీ పాపా ఆయన చూసుకోవాలని అడగండి. పీఆర్ ఇద్దరికీ కావాలి. ఆయన కుదరదంటే, వారంలో ఏయే రోజులు కుదురుతుందో ఆయన్నే చెప్పమనండి. పాప విషయంలో రెండు మార్గాలున్నాయి. మాట్లాడేటప్పుడు ఆపకుండా, చివర్లో రెండు తప్పులు మాత్రమే చెప్పాలని ఒప్పందం పెట్టుకుంటే తను మీకు రోజూ దొరికే మంచి తోడు. అలా ఉండలేదనిపిస్తే, ఈ మూడు నెలలూ తన ముందు ఫ్రెంచ్ మాట్లాడకండి. ఆ నవ్వు మీ నోరు కట్టేస్తోందని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది.

క్లాసులో కెమెరా ఆపుకుని కూర్చున్నా పర్వాలేదు, మైకు మాత్రం ఆపకండి. తేదీ మార్చుకోవడానికి మీ పరీక్షా కేంద్రం గడువు ఎప్పటిదాకా ఇస్తుందో ఈ వారమే అడిగి రాసుకోండి. ఆ గడువుకి పది రోజుల ముందు ఒక నమూనా పరీక్ష టైము పెట్టుకుని రాయండి, మాట్లాడింది ఫోన్లో రికార్డు చేయండి. రెండూ టీచరుకి ఇచ్చి ఏ స్థాయిలో ఉన్నాయో అడగండి. రాయడం 7కి దగ్గరగా, మాట్లాడడం 6 దాకా వచ్చిందంటే ఆ తేదీకే వెళ్లండి. మాట్లాడడం ఇంకా 5 దగ్గరే ఉంటే ఒకటి రెండు నెలలు ముందుకి జరుపుకోండి, ఆ సమయమంతా మాట్లాడడానికే పెట్టండి.